కథను ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు టీచరుని. ఎనిమిది, తొమ్మిది తరగతులకు చెబుతాను. మా పిల్లలు పాఠం చదవమంటే గడగడా చదివేస్తారు. చదివినదాంట్లో ఏముందని అడిగితే దిక్కులు చూస్తారు. పాఠం కింది ప్రశ్నలకు మాత్రం జవాబులు సరిగ్గానే రాస్తారు! ఎప్పుడూ చూడని పేరా ఇస్తే చేతులెత్తేస్తారు. కథలు చదివించమని శిక్షణలో చెప్పారు. మా ప్రధానోపాధ్యాయులేమో "కథలకు టైము ఎక్కడిదమ్మా, ముందు సిలబస్ పూర్తి చేయండి" అంటున్నారు. కథలతో నిజంగా ప్రయోజనం ఉంటుందా? ఎలాంటి కథలు ఎంచుకోవాలి? తెలుగులో వివరించవచ్చా? – ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో ఒకే ఒక్క ఆశ్చర్యార్థకం ఉంది. జవాబులు సరిగ్గానే రాస్తారు అన్నచోట పెట్టారు. చిక్కంతా అక్కడే ఉంది కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతాను. ఈ వాక్యం చదవండి.

"ఒక బిలంగం పొద్దున్నే తొమిరాన్ని గుంపించి, సాయంత్రానికి డొల్లెడు చించారం చేసింది."

ఇక ప్రశ్నలు. బిలంగం దేన్ని గుంపించింది? తొమిరాన్ని. ఎప్పుడు గుంపించింది? పొద్దున్నే. సాయంత్రానికి ఏం చేసింది? డొల్లెడు చించారం. మూడుకు మూడు మార్కులు. బిలంగం అంటే జంతువో, మనిషో, యంత్రమో మీకు తెలియదు. ఈ మాటలు పుట్టించిన నాకూ తెలియదు. మీ పిల్లలు చేస్తున్నది సరిగ్గా ఇదే. ప్రశ్నలో ఉన్న మాటను పాఠంలో వెతికి పట్టుకుని, దాని పక్కనున్న ముక్కను ఎత్తి రాస్తున్నారు. అదీ ఒక తెలివే, కాదనను. చూడని పేరాలో ప్రశ్నను కాస్త తిప్పి అడిగేసరికి ఆ తెలివి చెల్లదు. మీ పిల్లలు చదవలేని వాళ్లు కాదు. చదవడమంటే ఇదేనని ఎనిమిదేళ్లుగా మనమే నేర్పాం, వాళ్లు శ్రద్ధగా నేర్చుకున్నారు.

కథ ఇక్కడ అక్కరకు వస్తుంది. పాఠం కింద ప్రశ్న మనం వేస్తాం. కథలో ప్రశ్న పిల్లవాడికి తనంతట తానే పుడుతుంది: తరువాత ఏమైంది? ఎందుకలా చేశాడు? ఆ ప్రశ్నకు జవాబు వెతికేవాడు మాట పక్కన మాట ఎత్తి రాసి ఊరుకోలేడు. కాబట్టి ప్రయోజనం ఉంటుందా అన్న మీ మొదటి ప్రశ్నకు నా జవాబు, ఉంటుంది. కాకపోతే కథను కూడా పాఠంలాగే చెప్పి, కింద పది బిట్లు ఇస్తే ఉండదు. అలా చేసేటట్లయితే మీ ప్రధానోపాధ్యాయుల మాటే నయం, సిలబస్ పూర్తి చేయండి.

ఆయన అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఒక సంగతి ఉండాలి కదా. ఫిజీ దీవుల్లో 1980 ప్రాంతంలో ఒక ప్రయోగం జరిగింది. అక్కడి పల్లెటూరి పిల్లల పరిస్థితి మన పిల్లలదే. ఇంట్లో ఒక భాష, నాలుగో తరగతి నుంచి బడిలో ఇంగ్లీషు. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే ఇద్దరు పరిశోధకులు 8 పల్లె బడుల్లో నాలుగు, ఐదు తరగతులకు ఒక్కో తరగతికి సుమారు 250 బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చారు. మిగతా బడుల్లో మామూలు పాఠాలే నడిచాయి. కొన్నిచోట్ల టీచరు కథను పిల్లలతో కలిసి చదివింది, కొన్నిచోట్ల పిల్లలే మౌనంగా చదువుకున్నారు. 8 నెలల తరువాత పరీక్ష పెడితే, చదివి గ్రహించడంలో ఆ పిల్లల ప్రగతి మామూలు వేగానికి రెట్టింపు ఉంది. 20 నెలలకు ఆ లాభం మరింత పెరిగి, భాషకు సంబంధించిన మిగతా నైపుణ్యాలకూ పాకింది. వ్యాకరణం కసరత్తు చేయించకుండానే. ఇంగ్లీషు కథలు వినోదమనీ, సిలబస్సే చదువనీ అనుకునే వాళ్లకు ఈ 8 నెలల లెక్క చెప్పండి. అయితే గడువు కూడా గుర్తుంచుకోండి. నెలకే ఫలితం చూపించమంటే ఏ కథా చూపించదు.

ఇక ఎలాంటి కథలు? దీనికి జవాబు చెప్పేముందు ఒక పెళ్లి ఉత్తరం గురించి చెప్పాలి. 1979లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు రెండు ఉత్తరాలు తయారుచేశారు. ఒకటి మన దేశపు పెళ్లి గురించి, ఇంకొకటి అమెరికా పెళ్లి గురించి. రెండూ ఇంగ్లీషులోనే. అక్కడున్న భారతీయుల చేత, అమెరికన్ల చేత రెండూ చదివించారు. ఎవరి పెళ్లి ఉత్తరాన్ని వాళ్లు త్వరగా చదివారు, ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. అమెరికా ఉత్తరంలో పెళ్లికూతురు తన అమ్మమ్మ పెళ్లినాటి గౌను తొడుక్కుంటుంది. వాళ్లకు అది వంశపు మురిపెం. చదివిన భారతీయుల్లో ఒకరు మాత్రం, పిల్ల బాగానే ఉంది గానీ బట్టలు మరీ పాతవి, ఫ్యాషన్ పోయినవి అన్న అర్థంలో రాశారు! ఆ ఉత్తరంలో తెలియని మాట ఒక్కటీ లేదు. ఆ మాటల వెనకున్న ఇల్లు తెలియదు, అంతే.

అందుకే మొదటి ఏడాది మంచు కురిసే కథల జోలికి పోవద్దంటాను. పిల్లవాడు భాషతో కుస్తీ పడుతున్నప్పుడు లోకంతో కూడా కుస్తీ పట్టించడం అన్యాయం. తెలిసిన లోకంలో తెలియని భాష, ఇది మొదటి మెట్టు. రెండో ఏడాదికి ఎక్కడికైనా తీసుకెళ్లండి. పరాయి లోకాలు చూపించడం సాహిత్యం పనే కదా.

నేను ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతికి ఆర్.కె. నారాయణ్ రాసిన జ్యోతిష్కుడి కథతో మొదలుపెట్టేవాణ్ని. 'యాన్ ఆస్ట్రాలజర్స్ డే' అని, మీరు చదివే ఉంటారు. చింతచెట్టు కింద గవ్వలు, తాటాకుల కట్ట పరుచుకుని, నుదుట విభూతి కుంకుమలతో కూర్చున్న మనిషి. పక్కనే వేరుశనక్కాయలు అమ్మేవాడి దీపం వెలుగు. ప్రకాశం జిల్లాలో ఈ బొమ్మ గీసి చూపించాల్సిన పనిలేదు, శనివారం సంతకు వెళ్లిన ప్రతి పిల్లా చూసిందే. కానీ ఒక ఇబ్బంది ఉంది, దాచను. ఆ కథ మొదటి పేరాలే అన్నిటికన్నా కష్టం. వర్ణన ఎక్కువ, మాటలు బరువు. అక్కడినుంచి చదివించడం మొదలుపెడితే తరగతి మొత్తం మూడో వాక్యంలోనే జారుకుంటుంది. నేను ఆ భాగాన్ని నోటితో, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పి, చీకటి పడ్డాక ఆఖరి బేరం వచ్చిన దగ్గరినుంచి పుస్తకం తెరిపించేవాణ్ని. రచయితకు ద్రోహమని మా సహోద్యోగి ఒకాయన పోట్లాడేవాడు. పిల్లలు కథలోకి దిగాక వెనక్కి వెళ్లి మొదటి పేరాలు వాళ్లే చదువుకుంటారు, చదివారు కూడా.

సరే, ఆ బేరం. వచ్చినవాడు మొండివాడు. జ్యోతిష్కుడితో పందెం కాస్తాడు, నిజం చెబితే ఎనిమిది అణాలు ఇస్తానంటాడు, తప్పితే నువ్వు రెట్టింపు ఇవ్వాలంటాడు. మాట మీద మాట పెరిగి ఒప్పందం కుదురుతుంది. అప్పుడు వచ్చినవాడు చుట్ట వెలిగించుకుంటాడు. ఆ అగ్గిపుల్ల వెలుగులో జ్యోతిష్కుడికి అతని ముఖం ఒక్క క్షణం కనిపిస్తుంది. వెంటనే జ్యోతిష్కుడు ఇబ్బంది పడిపోతాడు. డబ్బు వెనక్కి తీసుకో, నాకు ఆలస్యమైంది, పోతానంటాడు.

ఇక్కడ పుస్తకం మూయించండి.

ఎందుకు పోతానన్నాడు? దీనికి జవాబు ఆ పేజీలో ఏ వాక్యంలోనూ లేదు. ఎత్తి రాయడానికి ఏమీ లేదు. మొదటిసారి ఇలా అడిగినప్పుడు పిల్లలు అలవాటు ప్రకారం పేజీ మీద వేళ్లు పరుగెత్తించారు. దొరకలేదు. ఒక నిమిషం నిశ్శబ్దం. తరువాత వెనక బెంచీ నుంచి ఒకడు, మామూలుగా నోరు తెరవనివాడు, "అతను తెలిసినవాడు సార్" అన్నాడు. "పోలీసు సార్" అన్నారు ఇంకొకరు. "అప్పిచ్చినవాడు" అంది ఒక అమ్మాయి. నేను ఎవరినీ కాదనలేదు. "మీకెలా తెలిసింది? ఏ మాట చెప్పింది?" అని మాత్రం అడిగాను. అప్పుడు మొదలైంది చదవడం. పోలీసన్నవాడు వెనక్కి వెళ్లి వచ్చినవాడి మాటలన్నీ మళ్లీ చదివి, పోలీసైతే ఇలా బేరమాడడని తనే విరమించుకున్నాడు. అప్పు అన్న అమ్మాయి ఒప్పుకోలేదు, చివరిదాకా వాదించింది. ఆ మనిషి నిజంగా ఎవరో ఇక్కడ రాయను. ఈ శీర్షిక చదివేవాళ్లలో ఆ కథ తెలియని వాళ్లు కొందరైనా ఉంటారు, వాళ్ల నోటి దగ్గర ముద్ద లాగేయడం ఎందుకు.

ఇంకో ముచ్చట. కథ చివర జ్యోతిష్కుడి చేతికి వచ్చింది పన్నెండున్నర అణాలు. ఆ తరువాత బేరంలో రూపాయికి ఒప్పుకున్నవాడు మోసం చేశాడా లేదా? అణా అంటే మా పిల్లలకు తెలియదే అని మీరు దిగులుపడతారు. "పదహారణాల తెలుగమ్మాయి" అన్న మాట విన్నారా అని అడగండి. ప్రతివాళ్లూ విన్నారు. పదహారే ఎందుకన్నారు? ఆ ముడి విప్పగానే ఎంత తగ్గిందో నోటి లెక్కలో చెప్పేస్తారు.

తెలుగులో వివరించవచ్చా అని అడిగారు. ఈ విషయంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో టాగోర్ 'కాబూలీవాలా' ఇంగ్లీషు అనువాదం పాఠం చెప్పాను. వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం. నాకు కథ చెప్పడం బాగా వచ్చని ఒక గర్వం ఉండేది. కథలోని కాబూలీ వ్యాపారి రహమత్ తన చొక్కా లోపలినుంచి మురికి పట్టిన కాగితం తీసి, కూతురి చిన్ని చేతి ముద్ర చూపించే ఘట్టం దగ్గర సగం తరగతి కళ్లు తుడుచుకుంది. పొంగిపోయాను. మరునాడు ఎందుకో తోచి, ఆ చేతి ముద్ర సంగతి పుస్తకంలో ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించమన్నాను. నలభై మందిలో నలుగురు చూపించారేమో. మిగతావాళ్లు ఏడ్చింది నా తెలుగుకు. ఇంగ్లీషు పేజీ వాళ్ల ముందు తెరిచి ఉందే గానీ, దాని అవసరమే వాళ్లకు రాలేదు.

కాబట్టి తెలుగును నిషేధించకండి, దాని చోటు మార్చండి. టీచరు తెలుగులో కథ చెప్పేస్తే పిల్లలకు చదివే పని మిగలదు. పిల్లలు తెలుగులో వాదించుకుంటే చదివే పని పెరుగుతుంది. పైన చెప్పిన పోలీసు, అప్పు వాదనంతా తెలుగులోనే జరిగింది. ఎనిమిదో తరగతి పిల్లకు జ్యోతిష్కుడి మనసు గురించి ఆలోచన ఉంటుంది గానీ, అది చెప్పేంత ఇంగ్లీషు ఇంకా ఉండదు. ఇంగ్లీషులోనే చెప్పాలంటే ఆలోచనే మానేస్తుంది. నోట్లో తెలుగు ఉండనివ్వండి, వేలు మాత్రం ఇంగ్లీషు వాక్యం మీద ఉండాలి. ఈ ఒక్క నియమం నేను ఉద్యోగం ముగిసేదాకా పాటించాను.

మన పిల్లలు ప్రత్యేకంగా తడబడే చోట్లు రెండున్నాయి. శిక్షణల్లో వీటి గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. తెలుగులో "వచ్చాడు, కూర్చున్నాడు, చుట్ట వెలిగించాడు" అంటాం. అతను, అతను అని ప్రతిసారీ అనం, క్రియే చెబుతుంది మగవాడని. ఇంగ్లీషులో ఆ బరువంతా 'హీ' మోయాలి. ఈ కథలో ఇద్దరూ మగవాళ్లు, ఇద్దరూ 'హీ'. పందెం మొదలైన పేరాలో ఎవరు ఎవరికి డబ్బు ఇస్తానన్నారో పిల్లలకు కలగాపులగం అయిపోతుంది. ఆ ఒక్క పేరా తీసుకుని, ప్రతి 'హీ' దగ్గరినుంచి పెన్సిలుతో బాణం గీసి ఎవరి దగ్గరికి వెళుతుందో చూపించమనండి. పది నిమిషాల పని. మీకు అర్థమైందనుకున్న పిల్లలు కూడా సగం బాణాలు తప్పుగా గీస్తారు, నాకదే అయింది.

రెండోది తోక. మనం "చెట్టు కింద కూర్చున్న జ్యోతిష్కుడు" అంటాం. వర్ణన ముందు, మనిషి తరువాత, అన్నిటికీ చివర క్రియ. ఇంగ్లీషులో మనిషి ముందు వచ్చి, 'హూ' అంటూ తోక వెనక వస్తుంది, ఆ తోక అయ్యాక ఎప్పటికో అసలు క్రియ. పిల్లవాడు తోకలోని క్రియనే అసలు క్రియ అనుకుని వాక్యం అయిపోయిందనుకుంటాడు. చిన్న కాగితం ముక్కతో తోకను మూయించి, తలనూ అసలు క్రియనూ కలిపి చదివించండి. తరువాత కాగితం తీయించండి. దీనికి వ్యాకరణం పేర్లు చెప్పాల్సిన పనిలేదు. మా పిల్లలు "సార్, దీనికి రెండు తోకలున్నాయి" అని వాళ్లే కనిపెట్టేవాళ్లు.

మాటల అర్థాల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మనం దానికి ఇప్పటికే ఎక్కువ సమయం పోస్తున్నాం. పాఠానికి ముందు నల్లబల్ల నిండా నలభై మాటలు, అర్థాలు రాయించడం మానేయండి. నిఘంటువు లేకుండా హాయిగా చదువుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని పరిశోధకులు లెక్క కట్టారు. అంటే తెలియని మాటలు నలభై ఉన్న పేజీ ఆ పిల్లకు సరిపడదన్నమాట, అర్థాలు రాయించినా సరే. సొంతంగా చదువుకునే పుస్తకం ఎంచుకునేటప్పుడు ఒక పేజీ చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోగా పిడికిలి బిగిసిపోతే ఆ పుస్తకం వెనక్కి పెట్టేయాలి. తక్కువ మాటలతో రాసిన మెట్ల పుస్తకాలు ఉన్నాయి కదా, ఆ పద్ధతికి గట్టి పునాది పడింది మన పక్కనే. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920లలో బెంగాలీ పిల్లల కోసం అలాంటి వాచకాలు తయారుచేశాడు. ఆ పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లీషు చదివి కూడా ఒక పుస్తకం సొంతంగా చదవలేకపోతున్నారన్నదే ఆయన బాధ. వందేళ్లయింది, మీ ఉత్తరమూ అదే అంటోంది.

పుస్తకాలు ఎక్కడ అంటారా? ముందు మీ బడిలో బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో చూడండి. నేను పనిచేసిన ఒక బడిలో మూడొందల పుస్తకాలు కొత్త వాసనతో బీరువాలో భద్రంగా ఉండేవి, స్టాకు రిజిస్టరులో ఒక్కటి కూడా పోలేదు. పోవడానికి ఎవరైనా ముట్టుకుంటే కదా! తరగతి గోడకు ఈ చివరినుంచి ఆ చివరికి తాడు కట్టి, పుస్తకాలు బట్టల్లా ఆరేయండి. రిజిస్టరు పిల్లల చేతికే ఇవ్వండి. ఏడాదికి కొన్ని పోతాయి, కొన్ని చిరుగుతాయి. చిరిగిన పుస్తకమంటే ఎవరో చదివినట్టు. ఇక ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో వేల కథలు ఉచితంగా ఉన్నాయి. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతాయి, కష్టాన్నిబట్టి మెట్లుగా విడదీశారు కూడా. ఎనిమిదో తరగతి పిల్లలకు మరీ చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. ఆరో తరగతి వాళ్లకు చదివి వినిపించాలి, ముందు మీరు సాధన చేయండి అని ఇచ్చి చూడండి. అప్పుడు అది వాళ్లకు చిన్నపిల్లల పుస్తకం కాదు, పెద్దరికం.

అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు మీ తరగతిలో కొందరు ఉండే ఉంటారు, మీరు రాయలేదు గానీ. వాళ్లకు కథ వినడం వరకే పనికొస్తుంది. అక్షరం, ధ్వని వేరుగా కూర్చోబెట్టి నేర్పాల్సిందే, దానికి సాహిత్యం మందు కాదు.

అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి, ప్రశ్నలు వద్దంటున్నారు కదా అని మీరు అడగబోతారు. నాకు బాగా ఉపయోగపడింది తప్పుల కథ. చదివిన భాగాన్ని మీరే ఆరేడు ఇంగ్లీషు వాక్యాల్లో మళ్లీ చెప్పండి, అందులో రెండు తప్పులు దొర్లించండి. జ్యోతిష్కుడు చుట్ట వెలిగించాడని చెప్పండి. టీచరు తప్పు పట్టుకోవడంలో ఉన్న ఆనందం పిల్లలకు ఇంకెందులోనూ ఉండదు. పట్టుకున్నవాడు పేజీ తెరిచి రుజువు చూపించాలి. మార్కులు వేయకండి. మార్కు వేసిన మరుసటి వారమే ఆ కథకు గైడు పుడుతుంది.

వారానికి ఒక్క పీరియడు చాలు. ప్రధానోపాధ్యాయులను అడిగి శుక్రవారం ఆఖరిది తీసుకోండి, దాన్ని ఎలాగూ ఎవరూ కోరుకోరు. మొదటి కథకు ముందురోజు రాత్రి మీరొక్కరే గట్టిగా చదివి, గడియారం చూసుకోండి. గంట కొట్టే వేళకు అగ్గిపుల్ల వెలగాలి. ముఖం కనిపించాలి, జ్యోతిష్కుడు పోతాననాలి, గంట మోగాలి. మీరు పుస్తకం మూసి, ఏమీ మాట్లాడకుండా బయటికి వచ్చేయండి. సోమవారం లోగా ఎవరో ఒకరు వాళ్ల అన్న ఫోనులో వెతికి, మిగతా కథ దొంగతనంగా చదువుకుని వస్తారు. వాళ్లను తిట్టకండి.